గుండం తొక్కిన కాళ్ళు

3 నవంబర్ 2003, సోమవారం

డాక్టరమ్మ గారికి నమస్కారం. ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా అక్షరాలు కోడి గెలికినట్టు ఉంటాయి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను, తర్వాత గొర్రెల వెంట పోయాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ సరిగా తెలియదు. తప్పులుంటే మీరే సరిచేసుకొని చదవండి.

మీరు రోజూ రాయమన్నారు. ఏం తిన్నాను, ఎంత నడిచాను, కాళ్ళు చూసుకున్నానా లేదా. రాస్తాను. ఈ నోటు పుస్తకం నా కొడుకు దేవేందర్ మేడ్చల్‌లో కొని తెచ్చాడు.

పరగడుపున షుగరు 284. వయసు యాభై ఎనిమిది అని మీ చీటీలో ఉంది. ఒకటి అటో ఇటో. చెరువు తెగిన ఏడు పుట్టానని మా అవ్వ చెప్పేది.

పొద్దున రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం. మధ్యాహ్నం అన్నం, పప్పు. రాత్రి మళ్ళీ రొట్టె. నడక: మా ఊరి నుంచి తూంకుంట లేఅవుట్ దాకా. పనికి ఎట్లాగూ నడిచే పోతాను. అది లెక్కకు వస్తుందో రాదో మీరు చెప్పాలి.

4 నవంబర్

రొట్టె, పప్పు. నడిచాను. కాళ్ళు బాగున్నాయి.

5 నవంబర్

రొట్టె, పచ్చిపులుసు. నడిచాను. కాళ్ళు బాగున్నాయి. కల్లు తాగలేదు.

6 నవంబర్

అదే తిండి. కల్లు ఒక్క ముంత. చిన్న ముంత.

9 నవంబర్, ఆదివారం

లేఅవుట్‌లో మొక్కలకు నీళ్ళు పట్టే పని నాది. మా గొర్రెలు మేసిన చోటనే ఇళ్ళు లేచాయి. గొర్రెలు అమ్మేశాక ఆ ఇళ్ళ ముందు మొక్కలకు నీళ్ళు పడుతున్నాను.

అక్కడ జోగారావు గారని ఒకాయన ఉన్నాడు. కరెంటాఫీసులో చేసి రిటైరై, రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. పొద్దున్నే తెల్ల బూట్లు విప్పేసి కాలనీ గుడి చుట్టూ తిరుగుతాడు. ఈరోజు నా దగ్గర ఆగాడు.

"ఏవండీ భిక్షం గారూ, మీక్కూడా షుగరు వచ్చిందటగా. నాకు పదకొండేళ్ళండీ. ఈ గుడి చుట్టూ నూటెనిమిది తిరిగితే మూడు కిలోమీటర్లు. టేపు పెట్టి కొలిచాను. పుణ్యానికి పుణ్యం, షుగరుకు షుగరూ."

నాకు నవ్వొచ్చింది. ఆయన నా కాళ్ళు చూశాడు.

"గుడి చుట్టూ అంటే సరే. కంకర రోడ్డు మీద కూడా ఉత్త కాళ్ళేనా?"

అలవాటు అన్నాను. అంతకంటే చెప్పలేదు. పక్కన గడ్డి కోసేవాళ్ళు చెప్పినట్టున్నారు, మధ్యాహ్నం మళ్ళీ వచ్చి చేతులు జోడించాడు. "మీరు నిప్పుల మీద నడుస్తారటగా. అంతటివారని తెలీదండీ." సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకోటి కూడా అయింది. బాగనిపించింది.

17 నవంబర్

మేడ్చల్ ఆస్పత్రికి పోయాను. శేషారత్నం డాక్టరమ్మ ఈ పుస్తకం తీసుకొని షుగరు అంకెలు మాత్రం చూసింది, మూసింది. మిగతాది చదవలేదు. మంచిదే. ఇకనుంచి నాకోసమే రాసుకుంటాను.

బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంది. "నేను మీ పాదానికి తగిలించినప్పుడల్లా 'ఆ' అనండి" అంది. పడుకున్నాను. ఎంతసేపటికీ ఆమె మొదలుపెట్టలేదు. ఒకసారి తగిలినట్టుంటే 'ఆ' అన్నాను. ఇంకోసారి అన్నాను. కళ్ళు తెరిస్తే ఆమె చేతిలో సూది ఉంది. నా అరికాలు మీద నెత్తురు చుక్క ఉంది.

"పన్నెండుసార్లు గుచ్చాను భిక్షం గారూ. మీరు రెండుసార్లు 'ఆ' అన్నారు. ఆ రెండుసార్లూ నేను గుచ్చలేదు."

ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగింది. తెలియదన్నాను.

తెలుసు. మూడేళ్ళు. కానీ అది ఆమె అనుకునేది కాదు.

18 నవంబర్

మా ఊళ్ళో మల్లన్న గుడి ముందర ఉగాదికి ముందు వచ్చే ఆదివారం గుండం చేస్తారు. పదకొండు మూరల పొడవు తవ్వి, చింతమొద్దులు తెల్లారి నుంచి కాలుస్తారు. సాయంత్రానికి నిప్పులు పరుచుకుంటాయి. బండారి, అంటే మల్లన్న పసుపు, తట్టలో నెత్తిన పెట్టుకొని ముందు తొక్కేది మా ఇంటివాడు. మా నాయిన తొక్కాడు. ఆయన పోయాక నేను. దాటి వచ్చాక కులపెద్ద అడుగుతాడు, కాలిందా అని. కాలలేదు అని చెప్పాలి. అప్పుడు డోలు కొడతారు. ఆ తర్వాతనే మిగతావాళ్ళు దిగుతారు.

మొదట్లో కొంచెం చురుక్కుమనేది. మూడేళ్ళ కింద ఒకసారి అసలేమీ తెలియలేదు. చల్లటి బురదలో కాలు పెట్టినట్టుంది. నడుమ ఆగి నిలబడ్డాను. ఊరంతా కేక పెట్టింది. మల్లన్న వచ్చాడన్నారు. ఆరోజు నుంచి ఆడవాళ్ళు దారిలో ఆపి నా కాళ్ళు మొక్కుతున్నారు. నేను ఎవరితో ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు, నాతో కూడా ఎవరూ మాట్లాడేవారు కాదు. ఇప్పుడు పెద్దమనుషులు కూర్చునే కచ్చీరు దగ్గర నాకు చోటిస్తున్నారు.

డాక్టరమ్మకు ఇవేం తెలుసు. ఆమె సూది ఆమెది.

ఇంట్లో ఇప్పుడు నేను, నా భార్య బాలనర్సమ్మ, దేవేందర్ ముగ్గురమే. కోడలు బిందు దూలపల్లిలో పుట్టింట్లో ఉంది. అక్కడ కంపెనీలో పని. రాకపోకలకు కష్టమని అక్కడే ఉంటోంది.

24 నవంబర్

జోగారావు గారు తన కొడుకు హేమచంద్ పాత బూట్లు ఇచ్చాడు. "పనికి తొడుక్కోండి, గుడి దగ్గర విప్పేయండి" అన్నాడు. మేకకు గంట కట్టినట్టుంది. బాలనర్సమ్మ చూసి, "ఏమయ్యా, ఏ ఆఫీసుల కొలువు నీకు" అంది. చానా రోజులకు నవ్వింది.

గుడి చుట్టూ యాభై తిరిగాను.

30 నవంబర్

నూట ఎనిమిది. జోగారావు గారి కంటే ముందు ముగించాను. కల్లు లేదు. చక్కెర లేదు. షుగరు 210.

2 డిసెంబర్

నూట ఎనిమిది తిరిగేసరికి జోగారావు గారు నా వెనక నుంచి పిలిచాడు. ఈరోజు గుడి వెనక కొత్తగా పోసిన కంకర ఉందని బూట్లు విప్పలేదు. ఆయన నేలకేసి చూపిస్తున్నాడు. గుడి చుట్టూ బండల మీద ఎర్రటి ముద్రలున్నాయి. నా కుడి బూటువి.

"కూర్చోండి. కూర్చోమంటున్నానా."

ఆయనే బూటు విప్పాడు. వద్దంటున్నా వినలేదు. లోపల రేగ్గింజంత కంకర రాయి, మొన దేలి ఉంది. చిటికెన వేలు కింద గుంట చేసింది. పొద్దున ఇంట్లో తొడుక్కున్నప్పటి నుంచి అది లోపలే ఉంది. ఇంటి నుంచి మూడు మైళ్ళు, ఆపైన నూట ఎనిమిది ప్రదక్షిణలు.

"తెలీలేదా?" అని అడిగాడు. ఆయన మొహం తెల్లబడింది. చేతులు జోడించలేదు ఈసారి.

3 డిసెంబర్

నడవలేదు.

11 డిసెంబర్

బాలనర్సమ్మ చాకలి ఇంటికి పోయింది. పొయ్యిలో నిప్పులున్నాయి. కూర్చొని ఎడమ కాలు చాపాను. పట్టకారుతో ఒక బొగ్గు లాగి అరికాలికి ఆనించాను. ఏమీ తెలియలేదు. మల్లన్నా అన్నాను. ఇంకా ఆనించాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, తర్వాత వేరే వాసన.

అప్పుడు అదే బొగ్గు చేత్తో పట్టుకున్నాను.

అరిచాను. కడవలో చేయి ముంచాను. చేతి మీద మూడు బొబ్బలు లేచాయి.

దేవుడు మనిషికి వస్తే మొత్తానికి రావాలి కదా. కాళ్ళకు వచ్చి చేతికి రాకపోవడం ఏమిటి.

12 డిసెంబర్

రాద్దామని కూర్చున్నాను. చేయి నొప్పి.

15 డిసెంబర్

ఇక్కడ రాస్తే ఎవరూ చదవరు.

బిందు కంపెనీ పని కోసం పుట్టింట్లో లేదు. పెళ్ళికి ముందు కూడా ఆ కంపెనీలోనే చేసింది, పెళ్ళయ్యాక మా ఇంటి నుంచే పోయి వచ్చేది. ఇంటర్ చదివిన పిల్ల. నా మందుల చీటీలు కూడా తనే చదివి పెట్టేది.

పోయిన ఉగాదికి ముందు గుండం. పెళ్ళయి ఎనిమిది నెలలు. కొత్త కోడలు తొక్కాలన్నారు. పొద్దున నా దగ్గరికి వచ్చి, "నాకు భయమైతాంది మామా" అంది. "నా అడుగుల అడుగెయ్యి, ఏం గాదు" అన్నాను. నమ్మింది. మూడో అడుగుకే "కాలుతాంది మామా" అని అరిచి పక్కకు దూకింది. డోలు ఆగింది. అందరూ నా వైపు చూశారు. కులపెద్ద గండయ్య అడిగాడు, "ఏందన్నా గిట్లయింది?"

నేను ఎప్పుడూ మాట్లాడను. ఆరోజు మాట్లాడాను. "మనసు శుద్ధంగ ఉంటే కాలది" అన్నాను.

అంతే అన్నాను. మిగతాది ఊరు అంది. కంపెనీకి పోయే పిల్ల అంది. సూపర్‌వైజరు అంది. బస్సు లేటయిన రోజులు లెక్కపెట్టింది. నెల తిరిగేసరికి దేవేందర్ ఆమెను ఏదో అడిగాడు. ఏం అడిగాడో నాకు తెలియదు. తెల్లారి ఆమె సంచి సర్దుకుంది. కాలు ఇంకా మానలేదు. కుంటుతూ బస్సు దాకా పోయింది. నేను గొంగడి కప్పుకొని అరుగు మీద కూర్చున్నాను. లేచి ఆపితే ఆగేదేమో.

2 జనవరి 2004

షుగరు 164. డాక్టరమ్మ అంకె చూసి మెచ్చుకుంది. కుడికాలి పుండు చూసి మెచ్చుకోలేదు. రోజూ కట్టు కట్టించుకోమంది. నడక మానమంది. నడిస్తే షుగరు తగ్గుతుంది, నడిస్తే పుండు పెరుగుతుంది. నేనేం చేయాలి.

19 జనవరి

బాలనర్సమ్మ కట్టు మారుస్తోంది. నా పాదం ఆమె ఒళ్ళో ఉంది. తల ఎత్తకుండా అంది.

"వెన్న అడిగి మూడేండ్లాయె నువ్వు."

"ఏం వెన్న?"

"ఏం వెన్ననా. ఇరువై ఏండ్లు ఉగాదికి ముందుగాల వెన్న దాసిపెట్టిన. తలుపేసి, నీ కాళ్ళు గిట్లనే ఒళ్ళె పెట్టుకొని రాసిన. బొబ్బలు పగిలి నా చీరెకు అంటేటివి. మూడేండ్ల సంది నువ్వు అడుగుతలేవు. గప్పుడే నాకు భయం పట్టింది."

పైన 'కొంచెం చురుక్కుమనేది' అని రాశాను. అది కొట్టేయడం లేదు. ఉండనీ.

"మరి చెప్పలేదేందే?"

"దేవుడొచ్చిండని ఊరంత మొక్కుతుంటె, మొగనికి రోగమొచ్చిందని ఎట్ల జెప్పాలె?"

కట్టు ముడి వేసింది. లేచి పోతూ మళ్ళీ అంది. "ఆ పిల్ల కాళ్ళకు వెన్న రాస్తనంటె వద్దన్నవు. రాస్తె కాలినట్టు ఒప్పుకున్నట్టే అన్నవు. నేను గూడ ఊకున్న. పాపంల నాకు గూడ సగం ఉంది."

5 ఫిబ్రవరి

దూలపల్లి పోయాను. చెప్పి రావాలని పోయాను. మేడ్చల్‌లో బస్సు మారి, కొంపల్లి దగ్గర దిగి, నడిచాను. దారి పొడుగునా మాట కట్టుకున్నాను: బిందూ, నీ తప్పు లేదు, నా కాళ్ళు చచ్చినయి. ఇంతే మాట. ఏడెనిమిది ముక్కలు.

బిందు తల్లి సిద్దమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చాట ఆపలేదు.

"ఏందన్నా, దారి తప్పినవా? ఇది మైల ఇల్లు. నీ అసోంటి దేవుళ్ళు రావొచ్చునా?"

నిలబడ్డాను.

"కూసోరాదు. కూసుంటె నీ కాళ్ళకు మా నేల అంటుకుంటదేమో. అగో, చెప్పులేస్కున్నవు గద ఇప్పుడు. గా తెలివి పోయినేడు ఉంటె నా బిడ్డకు గూడ ఒక జత కొనిస్తుంటివి."

"ఊకోయే అమ్మా" అని లోపలి నుంచి బిందు వచ్చింది. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. ఎడమ పాదం అంచు మీద నడుస్తోంది. పూర్తిగా ఆనించడం లేదు. పది నెలలైంది. నా కాలి కట్టు చూసింది, ఏమైందని అడిగింది. రాయి గుచ్చుకుందన్నాను.

"మామా, ఒక్కటి అడుగుత. కోపం జెయ్యకు. నీకు నిజంగ కాలలేదా?"

కట్టుకున్న మాట చెప్పాల్సింది అప్పుడే.

"లేదు" అన్నాను.

"అయితే నా తానే ఏదో తప్పుండొచ్చు" అంది. "నేను చానా ఆలోచించిన మామా. ఏం తప్పో దొరుకుతలేదు."

నీళ్ళు తాగాను. చెంబు ఇచ్చి వచ్చాను.

6 ఫిబ్రవరి

నేను చెప్పింది అబద్ధం కాదు. పోయినేడు నాకు కాలలేదు.

7 ఫిబ్రవరి

అబద్ధం కాదు.

18 ఫిబ్రవరి

శివరాత్రి. ఉపవాసం ఉన్నాను. డాక్టరమ్మకు చెప్పలేదు. వేలు నల్లబడింది. వాసన వస్తోంది. మల్లన్నకు దండం పెట్టుకుందామని కూర్చుంటే ఏం కోరాలో తెలియలేదు. నొప్పి ఇమ్మని కోరాను.

21 ఫిబ్రవరి

సిటీలో పెద్దాస్పత్రి. కుడికాలు చిటికెన వేలు, పక్క వేలు తీసేశారు. నొప్పి లేదు.

29 ఫిబ్రవరి, ఆదివారం

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. గండయ్య వచ్చాడు. మంచం పక్కన పీట వేసుకొని కూర్చున్నాడు. దేవేందర్ గడప దగ్గర నిలబడ్డాడు.

"ఇగ తేటయిందన్నా" అన్నాడు గండయ్య. "కోడలు గుండంల మైల కలిపింది. మల్లన్న ఊకుంటడా? నీ కాలి ఏళ్ళు దీస్కపోయిండు."

లోపలి నుంచి బాలనర్సమ్మ అంది: "షుగరు దీస్కపోయింది గండయ్యా. ముసలోని ఏళ్ళతోని మల్లన్నకేం పని?"

"షుగరు ఎవలికి లేదు వదినె? నాకు లేదా? నా ఏళ్ళు ఉన్నయి గద" అని కాలు చాపి చూపించాడు.

దేవేందర్ మొహం చూశాను. వాడు నమ్ముతున్నాడు. తన పెళ్ళాం మీద ఇంకో మచ్చ పడుతుంటే తల వంచుకొని నమ్ముతున్నాడు. అప్పుడు చెప్పాను. ముప్పై ఏళ్ళలో గండయ్య ముందు నేను అంత మాట్లాడలేదు.

"బిందు తప్పు లేదు. నా కాళ్ళల్ల స్పర్శ లేదు గండయ్యా. మూడేండ్ల సంది లేదు. సూది గుచ్చినా తెలుస్తలేదు. గందుకే కాలలేదు. దేవుడు గాదు, ఏం గాదు. గది రోగం."

చెప్పేశాననుకున్నాను. గుండె తేలికైంది.

గండయ్య పీట ముందుకు జరుపుకున్నాడు. "స్పర్శ ఎట్ల పోయిందన్నా? ఎవలు తీస్కున్నరు? నేను గదే జెప్తున్న." లేచి, నా కట్టు కట్టిన కాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. "అంత వచ్చినంక గూడ నాదేం లేదంటున్నవు చూడు. గందుకే వచ్చిండు నీకు."

నా దగ్గర ఉన్నది ఒక్కటే నిజం, అది కూడా ఆయన మల్లన్న ఖాతాలోకే పోయింది.

పోతూ అన్నాడు: "ఈయేడు తట్ట దేవేందర్ ఎత్తాలె. మీ ఇంటిదే గద."

వాడు సరేనన్నాడు.

7 మార్చి

వద్దురా అన్నాను. "నువ్వు తొక్కలేదా నాయినా" అన్నాడు. కాలుతుందిరా అన్నాను. "నా మనసుల ఏం లేదు" అన్నాడు.

ఆ మాట నాదే.

14 మార్చి, ఆదివారం

నన్ను కుర్చీతో సహా ఎత్తుకొని పోయి గుండం పక్కన కూర్చోబెట్టారు. కట్టు కట్టిన కాలు ముందుకు పెట్టమన్నారు. వచ్చినవాళ్ళు దానికి బండారి పూసి మొక్కారు. పుండుకు పసుపు మంచిదే అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేకపోయాను.

జోగారావు గారు కూడా వచ్చాడు, దూరంగా నిలబడ్డాడు. చేతులు కట్టుకొని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

దేవేందర్ పసుపు బట్ట కట్టి, తట్ట నెత్తిన పెట్టుకొని దిగాడు. నేను వాడి మొహం చూడలేదు. కాళ్ళు చూశాను. మొదటి అడుగు సరిగా పడింది. రెండో అడుగుకు వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. మూడో అడుగు నుంచి నాకు తెలుసు. పాదం అంచుల మీదకు పోవడం, మోకాలు ఒక్క క్షణం వణకడం, ఊపిరి బిగబట్టడం. ఇరవై ఏళ్ళు నేను నడిచిన నడక అది. నా కొడుకు నా నడకే నడుస్తున్నాడు.

దాటాడు. గండయ్య అడిగాడు, "కాలిందా?"

వాడు నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాలా నిలువుగా ఊపాలా తెలియక కుర్చీ చేయి పట్టుకున్నాను.

"కాలలే" అన్నాడు.

డోలు మోగింది. జనం దిగారు. ఒకరి వెనక ఒకరు. దాటిన ప్రతి ఒక్కరినీ చూశాను, ఈసారి కాళ్ళు చూశాను. అందరి వేళ్ళూ ముడుచుకున్నాయి. అందరూ కాలలేదన్నారు. బాలింత ఒకామె కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే నవ్వుతూ కాలలేదంది.

ఇంటికి వచ్చాక దేవేందర్ గడప దాటి కూలబడ్డాడు. బాలనర్సమ్మ తలుపు మూసింది. ఉట్టి మీద నుంచి గిన్నె దించింది. వెన్న దాచిపెట్టి ఉంచింది, ఎవరూ చెప్పకుండానే. వాడి రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుంది. వాడు పైకండువా నోట్లో కుక్కుకున్నాడు.

కొంతసేపటికి తీసి అడిగాడు. "నాయినా, నీకు గూడ గిట్లనేనా?"

"ఇరువై ఏండ్లు" అన్నాను.

"మరి అందరు..."

"అందరు."

వాడు గోడకు తల ఆనించాడు. "అందరికీ కాలింది. అది ఒక్కతే చెప్పింది" అన్నాడు. ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. ఎట్లా ఓదార్చాలో తెలియదు.

15 మార్చి

దేవేందర్ లేవలేడు. దూలపల్లి పోతావా అని వాళ్ళమ్మ అడిగింది. "ఏం మొహం పెట్టుకొని పోవాలె" అన్నాడు. గోడ వైపు తిరిగాడు.

16 మార్చి

డాక్టరమ్మ దగ్గరికి ఆటోలో పోయాను. కట్టు విప్పి చాలాసేపు చూసింది. పాదం నిలవదంది. చీలమండ దగ్గర తీయాలంది. ఈ నెల ఇరవై తొమ్మిదికి రమ్మంది. షుగరు 148. ఇంత మంచి అంకె ఎప్పుడూ రాలేదు.

జోగారావు గారు ఆటో దాకా వచ్చాడు. "ఆ బూట్లు నేనివ్వకుండా ఉండాల్సిందండీ" అన్నాడు. బూట్లది కాదన్నాను. ఆయన నమ్మలేదు. నేను చెప్పింది ఎవరూ నమ్మడం లేదు ఈ మధ్య.

18 మార్చి 2004, గురువారం

బిందూ,

ఈ పుస్తకం డాక్టరమ్మ కోసం మొదలుపెట్టాను. తర్వాత నాకోసం రాసుకున్నాను. ఇప్పుడు నీకు పంపుతున్నాను. మొదటి పేజీలో అక్షరాల గురించి ఆమెను అడిగిన మన్నింపే నిన్ను కూడా అడుగుతున్నాను. డిసెంబర్ పదిహేను తారీఖున రాసింది ముందు చదువు. మిగతాది నీ ఇష్టం. నేను దాచిన చోట్లు కూడా దాచినట్టే ఉంచాను, దిద్దలేదు. నువ్వు తెలివైన పిల్లవు, కనిపెడతావు.

దూలపల్లిలో నువ్వు అడిగినదానికి లేదు అన్నాను. కాలలేదు, నిజమే. కానీ ముందు ఇరవై ఏళ్ళు కాలింది, ఆ మాట మింగాను. నువ్వు పది నెలలు నీలో తప్పు వెతుక్కున్నావు. అక్కడ లేదు బిడ్డా. అది నా దగ్గర ఉంది.

నీ మొగుడు ఆదివారం గుండం తొక్కాడు. కాళ్ళు కాలి మంచంలో ఉన్నాడు. ఊరి ముందు మాత్రం కాలలేదన్నాడు. వాణ్ణి మన్నించమని నేను అడగను. నన్ను కూడా మన్నించమని అడగను. నీ తప్పు లేదని గండయ్యకు చెప్పాను, వినలేదు. మళ్ళీ చెప్తాను. వింటారని కాదు.

మల్లన్న ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. నా కాళ్ళలో మాత్రం ఎప్పుడూ లేడు. అది తెలిసినప్పటి నుంచి దండం పెట్టడానికి చేతులు లేస్తున్నాయి, ఎటు తిప్పాలో తెలియడం లేదు.

పుస్తకం మీ అత్త తెస్తుంది. ఒక డబ్బాలో వెన్న కూడా తెస్తోంది. ఏడాది తర్వాత వెన్నెందుకే అన్నాను. "ఇయ్యాల్సిన నాడు ఇయ్యలే గద" అంది. తీసుకుంటే తీసుకో, లేకుంటే పారేయి. ఆమెను మాత్రం వాకిట్లో నిలబెట్టకు. మీ అమ్మ తిడితే తిట్టనీ, పడుతుంది.

రమ్మని అడగడం లేదు. ఒక్కటే అడుగుతున్నాను. నీ ఎడమ కాలు ఇంకా నొప్పి పెడుతోందా? పెడితే పెడుతోందని రాయి. ఎక్కడ, ఎంత, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, అంతా రాయి. నొప్పి గురించి నిజం చెప్పే మనిషివి నాకు తెలిసినవాళ్ళలో నువ్వొక్కతివే.

ఇరవై తొమ్మిదిన నన్ను తీసుకుపోతారు. ఆ లోపలే రాయి. ఒక్క కార్డు ముక్క చాలు. జల్దీ రాయి బిడ్డా.